పొరుగు అంటే ఏ పొరుగు?

లివీ రాసిన రోమ్ చరిత్రలో మొదటి పుస్తకం, తొమ్మిదో అధ్యాయం. రోమ్యులస్ కొత్తగా ఊరు కట్టాడు. ఎక్కడెక్కడి మగవాళ్ళో వచ్చి చేరారు గానీ, పెళ్ళాడదామంటే పిల్లలు లేరు. చుట్టుపక్కల ఊళ్ళకి మనుషుల్ని పంపి సంబంధాలు అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. దాంతో ఉత్సవం పేరు చెప్పి అందరినీ పిలిచి, వచ్చినవాళ్ళ ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. ఈ కథ చాలామందికి తెలిసిందే. నా గొడవ అందులో పదేపదే వచ్చే ఆ ‘చుట్టుపక్కల’ అన్న మాటతో. ఆ ఒక్క అధ్యాయంలోనే లివీ దానికి మూడు వేర్వేరు విశేషణాలు వాడాడు: ఫీనితిముస్, వీకీనుస్, ప్రొక్సిముస్. ఇంగ్లీషు నిఘంటువు తీస్తే మూడింటికీ ఎదురుగా ‘నైబరింగ్’ అనే ఉంటుంది. నేను చదివిన ఇంగ్లీషు పాఠ్యపుస్తకమైతే ఇంకా తేలిగ్గా తేల్చేసింది: పర్యాయపదాలు, ఏది వాడినా ఒకటే.

ఏది వాడినా ఒకటే కాదని నేనంటాను. పైగా ఆ తేడా పట్టుకోవడానికి ఇంగ్లీషు మనిషి కంటే తెలుగు మనిషికే ఎక్కువ వీలుందని కూడా అంటాను. మనం లాటిన్‌ని ఇంగ్లీషు సందులోంచి చూస్తున్నాం కాబట్టి అది మనకి కనబడటం లేదు.

ముందు వీకీనుస్ సంగతి చూద్దాం. రోమన్ వక్త సిసరో కాలంలో మొదటి అక్షరం ‘వ’ లాగా, మధ్యలోది ‘క’ లాగా పలికేవారు కాబట్టి వీకీనుస్ అని రాస్తున్నాను. చర్చిలో పాడే లాటిన్ విన్నవాళ్ళకి అది ‘విచీనుస్’. పుంలింగంలో వీకీనుస్, స్త్రీలింగంలో వీకీనా, నపుంసకంలో వీకీనుమ్. సంస్కృతం కాస్త ముట్టుకున్నవాళ్ళకి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. నవః, నవా, నవమ్ అన్నట్టే లాటిన్‌లో నోవుస్, నోవా, నోవుమ్. అర్థం కూడా అదే, ‘కొత్త’.

వీకీనుస్ పుట్టింది వీకుస్ అన్న నామవాచకం నుంచి. వీకుస్ అంటే పల్లె, పట్నంలోనైతే వీధి, పేట. రెండు అర్థాలూ ఒకే మాటకి ఎలా కుదిరాయని ఇంగ్లీషు వ్యాఖ్యాతలు వివరణలు ఇస్తుంటారు గానీ, ‘ఊరూ వాడా’ అనే మనకి ఆ వివరణ అక్కర్లేదు. వాడ అంటే వీధీ అవుతుంది, పేటా అవుతుంది, విజయవాడ అంత ఊరూ అవుతుంది. కాబట్టి వీకీనుస్ అంటే ‘మన వాడకట్టు వాడు’. ఇళ్ళ వరసలో, నడిచే దారిలో, నీళ్ళు తెచ్చుకునే చోట రోజూ ఎదురుపడేవాడు. ఎన్ని గజాల దూరంలో ఉన్నాడన్నది ఈ మాటకి పట్టదు.

ఈ వీకుస్‌కి మన వైపు చుట్టాలున్నారు. గ్రీకులో ఇల్లు అనే ‘ఓయికోస్’ (ఎకానమీ, ఎకాలజీ అందులోంచి వచ్చినవే), సంస్కృతంలో జనావాసం, ప్రజ అనే అర్థమున్న ‘విశ్’, ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెబుతుంది. వైశ్యుడన్న మాట ఆ విశ్ నుంచి వచ్చిందే. అసలు విశేషం ఏమిటంటే, పొరుగువాడికి సంస్కృతంలో ఉన్న మాట ‘ప్రతివేశి’. ఎదుటి ఇల్లు గలవాడు. మన పాత నిఘంటువుల్లోనూ ఆ మాట ఉంది, ఎవరూ వాడకపోయినా. రోమ్‌లో వీకీనుస్, మన పండితుల గ్రంథాల్లో ప్రతివేశి, ఇద్దరూ ఒకే ధాతువు బిడ్డలు.

వీకుస్ అంటే ఇళ్ళ వరస మాత్రమే అనుకుంటే సగమే తెలిసినట్టు. రోమ్ నగరంలో ప్రతి వీకుస్‌కీ నాలుగు దారుల కూడలి ఉండేది, ఆ కూడలిలో లారెస్ అనే దేవతల గుడి ఉండేది. క్రీ.పూ. 7లో అగస్టస్ చక్రవర్తి నగరాన్ని 14 ప్రాంతాలుగా, వాటిని మళ్ళీ వీకుస్‌లుగా విడగొట్టి ఒక్కో వీకుస్‌కీ పెద్దల్ని పెట్టాడు. ఆ తర్వాత కాలంలో ప్లీనీ అనే రచయిత ఈ కూడళ్ళు 265 అని లెక్క రాశాడు. చలికాలంలో కొంపితాలియా అని ఈ కూడలి దేవతలకి పండగ చేసేవారు. ఆ రాత్రి ఇంట్లో స్వతంత్రులు ఎంతమంది ఉంటే అన్ని ఉన్ని బొమ్మలు, బానిసలు ఎంతమంది ఉంటే అన్ని ఉన్ని బంతులు చేసి కూడలిలో వేలాడదీసేవారు. దేవతలు బొమ్మల్ని తీసుకుని మనుషుల్ని వదిలిపెట్టాలని. ఒక్క క్షణం ఊహించుకోండి: పొద్దున్నే ఆ దారిన పోయే ఎవరికైనా, ఫలానా ఇంట్లో ఎంతమంది ఉన్నారో, అందులో బానిసలెందరో ఆ బొమ్మల్ని బట్టే తెలిసిపోతుంది. బానిసకి బొమ్మ కూడా దక్కదు, ఉత్త బంతే. వీకీనుస్ అంటే ఆ బొమ్మల లెక్క తెలిసినవాడు.

అందుకే ఈ మాట రైతుల నోట్లో బాగా నలిగింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. పొలం కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతూ మొదట్లోనే ఒక మాట అంటాడు: పొరుగువాళ్ళు ఎలా నిగనిగలాడుతున్నారో చూడు, మంచి ప్రాంతమైతే వాళ్ళు బాగా నిగనిగలాడాలి. వాడిన క్రియ నిజంగా మెరవడం అనే అర్థమిచ్చేదే. భూమిని చూసే ముందు మనుషుల ఒళ్ళు చూడమంటున్నాడు. తర్వాత నాలుగో అధ్యాయంలో అసలు సంగతికి వస్తాడు. పొరుగువాళ్ళతో మంచిగా ఉండు, నీ ఇంటి పనివాళ్ళని తప్పు చెయ్యనివ్వకు. చుట్టుపక్కలంతా నిన్ను ఇష్టంగా చూస్తే నీ సరుకు తేలిగ్గా అమ్ముడుపోతుంది, నీ పనులు తేలిగ్గా గుత్తకి పోతాయి, కూలీలు తేలిగ్గా దొరుకుతారు. ఇల్లు కడితే మనుషుల్నీ ఎద్దుల్నీ కలపనీ ఇచ్చి సాయం చేస్తారు.

చదివిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. ‘మంచిగా ఉండు’ అన్న మాట వెనకాలే లాభాల పట్టిక. కేటో ధర్మాత్ముడేమీ కాదు, ముసలి బానిసని, జబ్బు బానిసని అమ్మెయ్యమని అదే పుస్తకంలో రాసినవాడు. కానీ పొరుగు విషయంలో అతను చెప్పింది పచ్చి నిజం. మా కృష్ణా డెల్టాలో నాట్ల రోజుల్లో నీటి వంతు తెగినప్పుడు, పై పొలం వాడితో మాట మంచిగా ఉన్నవాడి చేను తడుస్తుంది, లేనివాడి చేను నెర్రెలు తీస్తుంది. పై పొలం ఎంత దూరం అని ఎవరూ అడగరు. వాడితో మాటలున్నాయా లేవా అని అడుగుతారు.

గ్రీకులూ ఇదే అన్నారు. చెడ్డ పొరుగు లేకపోతే ఎద్దు కూడా పోదని హేసియడ్ రాశాడు. థెమిస్టోక్లీస్ పొలం అమ్మకానికి పెట్టి, ‘దీనికి మంచి పొరుగు కూడా ఉంది’ అని చాటింపు వేయించాడని ప్లూటార్క్ చెబుతాడు. రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో ఈత కొలను ఫొటోలు వేసేవాళ్ళెవరికీ ఇది తట్టినట్టు లేదు.

విశేషణంగా ఈ మాట ఎలా నడుస్తుందో చెప్పాలి, ఎందుకంటే వ్యాకరణం కూడా నా వైపే ఉంది. వీకీనుస్ విశేషణమైనప్పుడు దాని పక్కన వచ్చే పేరుకి చతుర్థీ విభక్తి పడుతుంది. అంటే మన ‘కి, కు’. ‘క్రెమోనాకి పొరుగు’ (క్రెమోనా ఇటలీలో ఒక పట్నం), అచ్చం మనం అన్నట్టే. అదే నామవాచకంగా వాడితే ‘మా పొరుగువాడు’ అని షష్ఠీ లాంటి ప్రయోగం. ‘మాకు పొరుగు’, ‘మా పొరుగువాడు’: తెలుగులో ఈ రెండూ ఎప్పుడేది వాడాలో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. లాటిన్ పుస్తకంలో దీనికి ఒక పేజీ సూత్రం ఉంటుంది. ఇంగ్లీషు ద్వారా వచ్చినవాడు ఆ సూత్రం బట్టీ పట్టాలి, మనం బట్టీ పట్టక్కర్లేదు.

విశేషణంగా వాడిన చోట్లలో నాకు బాగా నచ్చింది రోమన్ కవి ఓవిడ్‌ది. పరాయి పొలంలో పంట ఎప్పుడూ ఏపుగానే ఉంటుంది, పొరుగు మంద పొదుగు పెద్దగానే ఉంటుంది అంటాడు. ‘వీకీనుమ్ పెకుస్’, పొరుగు పశువులు. ఇది చదవగానే పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత గుర్తు రాని తెలుగువాడు ఉంటాడా? ఇక్కడ ‘దగ్గర్లోని మంద’ అని అనువదిస్తే ప్రాణం పోయినట్టే. దగ్గర్లో ఉన్నందుకు కాదు అసూయ. రోజూ మన కళ్ళ ముందు పాలు పితుకుతున్నందుకు.

ఇక ఫీనితిముస్. దీని మూలం ఫీనిస్, అంటే హద్దు, పొలిమేర. ఫీనితిముస్ అంటే హద్దు కలిసినవాడు. సీజర్ గాల్ యుద్ధాల పుస్తకం తెరిస్తే మొదటి పేజీల నుంచే ఈ మాట తగులుతుంది. హెల్వేతీ జాతి వాళ్ళ దేశానికి ఒకవైపు రైన్ నది, ఇంకోవైపు జురా కొండలు, మరోవైపు జెనీవా సరస్సు, రోన్ నది. ఇలా ఇరుక్కుపోవడం వల్ల ఫీనితిమీల (ఫీనితిముస్‌కి బహువచనం) మీద యుద్ధానికి వెళ్ళడం వాళ్ళకి అంత తేలిక కాలేదని, యుద్ధమంటే ఇష్టపడే మనుషులు కాబట్టి అందుకు చాలా బాధపడ్డారని రాస్తాడు సీజర్. హద్దు కలిసినవాడు ఉన్నదే కొట్టడానికి అన్నట్టు. క్రీ.పూ. 58లో వాళ్ళు దేశం వదిలి బయల్దేరినప్పుడు తమ పట్టణాలు 12, పల్లెలు 400 దాకా తామే తగలబెట్టుకున్నారు. ఆ ‘పల్లెలు’ అన్న చోట సీజర్ వాడిన మాట వీకుస్. వీకుస్‌లని కాల్చేసుకుని ఫీనితిమీల మీదకి బయల్దేరారు. ఈ ఒక్క వాక్యం చాలు నా వాదనకి, కానీ సీజర్ కావాలని అలా పేర్చాడని మాత్రం చెప్పను.

అదే పుస్తకం ఆరో భాగంలో జర్మన్ జాతుల గురించి ఇంకా ఘాటైన మాట ఉంది. తమ చుట్టూ వీలైనంత దూరం పాడుపెట్టి, ఎవరూ లేని బీడుగా ఉంచుకోవడమే వాళ్ళకి గొప్ప పేరట. ఫీనితిమీలు పొలాలు వదిలి పారిపోవాలి, ఎవడూ దగ్గర్లో నిలబడే సాహసం చెయ్యకూడదు, అదీ పౌరుషం. ఆకస్మిక దాడుల భయం కూడా ఉండదు కదా అని సీజర్ ఒక వివరణ జోడిస్తాడు. ఇక్కడ ఫీనితిముస్ బదులు వీకీనుస్ పెట్టి చదవండి, వాక్యం కుంటుతుంది. వాడకట్టు వాడిని తరిమేస్తే ఎద్దు ఎవరిస్తారు, కలప ఎవరిస్తారు?

అలాగని ఫీనితిముస్ ఎప్పుడూ కత్తి పట్టుకునే ఉంటుందని నేననను. సిసరో ఒకచోట కవి వక్తకి ఫీనితిముస్ అంటాడు. ఛందస్సు విషయంలో కవికి కాస్త బంధనం ఎక్కువ, మాటల ఎంపికలో స్వేచ్ఛ ఎక్కువ. ఎంత చక్కటి మాట! ఎవరి పొలం వాళ్ళది, మధ్యలో ఒకటే గట్టు. ఇంకోచోట తర్కశాస్త్రం వక్తృత్వానికి వీకీనుస్ కూడా, ఫీనితిముస్ కూడా అని రెండు మాటలూ పక్కపక్కనే వాడాడు. ఇది చూపించి, ‘చూశారా, రెండూ ఒకటే, ఊరికే జంటగా అన్నాడు’ అంటారు అవతలివాళ్ళు. నాకైతే తిరగబడి కనిపిస్తుంది. రెండూ ఒకటే అయితే రెండోది ఎందుకు? తర్కానికీ వక్తృత్వానికీ రాకపోకలున్నాయి, హద్దూ ఉంది. అంత పొదుపుగా ఆ రెండు సంగతులూ చెప్పాలంటే రెండు మాటలు కావాలి. సిసరోకి మాటలు పారబోసే అలవాటు ఉన్నమాట నిజమే, దాన్ని కాదనను.

హద్దు విషయం నాకు కాగితం మీద కనిపించింది మా తాతగారి ట్రంకు పెట్టెలో. తెనాలి వైపు మెట్ట చెక్క ఒకటి కొన్న దస్తావేజు. స్టాంపు కాగితం అంచులు పురుగు తిన్నాయి గానీ చేతిరాత చెక్కుచెదరలేదు. మొత్తం సొమ్ము, ‘నాకు ముట్టినది’ అన్న మాటలు, ఆ తర్వాత చెక్కుబందీ. తూర్పు ఫలానావారి మాగాణి, దక్షిణం పంట కాలువ, పడమర డొంక, ఉత్తరం ఫలానావారి మెట్ట. భూమి ఎక్కడుందో చెప్పడానికి కొలతల కంటే ముందు మనుషుల పేర్లు. ఆ పేర్లున్న వాళ్ళెవరూ ఇప్పుడు లేరు, కానీ ఆ పేర్లు తీసేస్తే ఆ చెక్క ఎక్కడుందో చెప్పడం కష్టం.

సరిగ్గా ఇలాంటి కాగితమే, కాదు, కంచు రేకు, ఇటలీలోని పార్మా మ్యూజియంలో ఉంది. వెలేయా అనే పాత పట్నం శిథిలాల దగ్గర 1747లో దొరికింది. ట్రేజన్ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో, పిల్లల పోషణకి ఒక పథకం పెట్టారు. భూములున్న ఆసాములకి వాటి హామీ మీద అప్పిచ్చి, ఆ వడ్డీతో పేద పిల్లలకి నెలనెలా డబ్బిచ్చేవారు. హామీ పెట్టిన ప్రతి పొలానికీ ఆ రేకు మీద వివరాలు చెక్కారు: పొలం పేరు, అది ఏ తాలూకాలో ఉంది, ఎవరెవరు హద్దుదారులు. ‘అడ్ఫీనిబుస్ ఫలానా, ఫలానా, ఎత్ పోపులో’. ఫలానావారు, ఫలానావారు, ఇంకా సర్కారు భూమి హద్దులుగా. ఆ చివరిది చూసి మన పోరంబోకు గుర్తొచ్చింది నాకు. పందొమ్మిది వందల ఏళ్ళ కిందటి చెక్కుబందీ అది.

గమనించాల్సింది ఏమిటంటే ఆ రేకు మీద వీకీనుస్ అని రాయలేదు. హద్దు చెప్పాల్సిన చోట ఫీనిస్ నుంచి వచ్చిన మాటే రాశారు, అడ్ఫీనిస్. దస్తావేజు రాసే గుమాస్తాకి కవిత్వం అక్కర్లేదు, శైలి కోసం మాట మార్చే సరదా ఉండదు. ఏది ఏ మాటో అతనికి కచ్చితంగా తెలిసి ఉండాలి, లేకపోతే అప్పు మునుగుతుంది. పర్యాయపదాల వాదం చేసేవాళ్ళు కవుల దగ్గర ఉదాహరణలు వెతుకుతారు. నేను గుమాస్తాల దగ్గర వెతకమంటాను.

ఈ అడ్ఫీనిస్ అనే మాటకి, అఫ్ఫీనిస్ అని కూడా రాస్తారు, రెండో అర్థం ఒకటుంది: పెళ్ళి వల్ల కలిసిన చుట్టం. వియ్యంకుడు, అల్లుడు, బావమరిది, అందరూ అఫ్ఫీనిస్‌లే. ఇద్దరి పొలాలు కలిసినట్టు రెండు ఇళ్ళు కలిశాయన్నమాట. గట్టు తగాదా తెగక, చివరికి ఆ ఇంటి పిల్లని ఈ ఇంటికి చేసుకుని గట్టు తీసేసిన కుటుంబాలు మా వైపు ఉన్నాయి. కాబట్టి ఫీనిస్ నుంచి పుట్టిన మాటలన్నీ పగ మాటలే అని తీర్పు చెప్పేస్తే అదీ తప్పే. హద్దు ఉన్నచోట తేల్చుకోవాల్సింది ఒకటి ఉంటుంది, అంతే. కోర్టులోనో, కత్తితోనో, పెళ్ళిపీటల మీదో.

హద్దు తగాదాలు రోమన్లకి ఎంత పాతవో చెప్పడానికి ‘పన్నెండు శాసనాలు’ అనే వాళ్ళ పాత చట్టం చాలు. క్రీ.పూ. 5వ శతాబ్దం మధ్యలో రాసినవి. రెండు పొలాల మధ్య అయిదడుగుల పట్టీ ఎవరిదీ కాదు, ఎన్నేళ్ళు దున్నుకున్నా అనుభవం చూపించి దాని మీద హక్కు సంపాదించలేరు. మన చెట్టు కాయ పక్కవాడి నేల మీద పడితే వెళ్ళి ఏరుకోవచ్చు. అయిదడుగుల గట్టు అంటే ఇవాళ్టి మన రైతు నవ్వుతాడు. ఏడాదికి ఒక చాలు చొప్పున గట్టుని లోపలికి జరుపుకుంటూ వచ్చేవాడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. సర్వేయరు వచ్చి గొలుసు పరిచేదాకా అది ఎవరికీ తెలియదు, తెలిశాక ఇక టెన్షనే.

అయినా అదే హద్దు రాయి దగ్గర రోమన్లు పండగ కూడా చేసుకునేవారు. ఫిబ్రవరి 23న తెర్మినాలియా. రెండు వైపుల ఆసాములూ చెరో దండ, చెరో రొట్టె తెచ్చి రాయికి పెట్టేవారని ఓవిడ్ వర్ణించాడు. నువ్వు లేకపోతే ప్రతి పొలమూ వ్యాజ్యాలమయం అవుతుందని ఆ రాయితోనే అంటాడు. ఆ తర్వాత అక్కడ కూర్చుని విందు చేసే జనాన్ని ఏమన్నాడు? ‘వీకీనియా’ అన్నాడు. హద్దు దాకా ఎవరి వైపు నుంచి వాళ్ళు వచ్చారు, తిండి దగ్గర ఇరుగుపొరుగు అయ్యారు.

ఇప్పుడు లివీ దగ్గరికి వెళ్దాం. మొదటి వాక్యంలో రోమ్ బలం లెక్క వేస్తాడు: యుద్ధంలో ఏ ఫీనితిముస్ రాజ్యానికైనా సరితూగే స్థితికి వచ్చింది. వెంటనే లోటు చెబుతాడు: ఫీనితిమీలతో పెళ్ళి సంబంధాలు లేవు. తర్వాత రోమ్యులస్ దూతల్ని పంపుతాడు. ఎవరి దగ్గరికి? ‘వీకీనాస్ గెంతేస్’, పొరుగు జనాల దగ్గరికి. ఆ దూతలు ఎంత వినయంగా మాట్లాడారో చూడండి. ఊళ్ళు కూడా అన్నిటిలాగే చిన్నగానే పుడతాయి, మనుషులు మనుషులతో రక్తం కలుపుకోవడానికి వెనకాడొద్దు అని. అవతలివాళ్ళు ఛీకొట్టారు. అప్పుడు రోమ్యులస్ పన్నాగం పన్ని ఉత్సవానికి పిలిచాడు. ఎవరిని పిలిచాడంటే, మళ్ళీ ఫీనితిమీలని. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ‘ప్రొక్సిమీ’, అందరికంటే పక్కనున్న కెనీనా, క్రుస్తుమేరియుమ్, అంతెమ్నాయ్ ఊళ్ళవాళ్ళు.

బతిమాలేటప్పుడు వీకీనుస్, లెక్క వేసేటప్పుడూ ఎత్తు వేసేటప్పుడూ ఫీనితిముస్. ఇది యాదృచ్ఛికమంటారా? అనండి. ఒకే మాట పదేపదే రాయడం లాటిన్ రచయితలకి నచ్చదు, అందుకే మార్చాడంటారు. ఆ అభ్యంతరంలో పస ఉంది, ఒక్క అధ్యాయం పట్టుకుని నేను గెలిచానని అనుకోవడం లేదు. కానీ మార్చాలనుకున్నప్పుడు ఏ మాట ఎక్కడికి వెళ్ళిందో చూడాలి కదా. కూర మార్చడం వేరు, కూరలో ఉప్పు బదులు పంచదార వెయ్యడం వేరు.

ప్రొక్సిముస్ గురించి ఎక్కువ చెప్పను. ‘దగ్గర’ అనే మాటకి అతిశయ రూపం అది, అందరికంటే దగ్గర అని. వరసలో తర్వాతది కూడా ప్రొక్సిముసే, ‘మరుసటి రాత్రి’ అన్నా ఈ మాటే. మన ‘పక్క’ లాంటిది. హైదరాబాదు అపార్టుమెంట్లలో ‘పక్క ఫ్లాట్ వాళ్ళు’ అంటాం, ‘పొరుగు ఫ్లాట్’ అనేవాడిని నేను వినలేదు. లిఫ్టులో తల ఊపుకోవడం తప్ప ఇచ్చిపుచ్చుకోవడాలు లేనిచోట పొరుగు అనే మాట దానంతటదే జారిపోయింది, ‘పక్క’ మిగిలింది. లాటిన్‌లో నిప్పు అంటుకున్నప్పుడు ఈ మాటే వస్తుంది. పక్క గోడ తగలబడుతుంటే అది నీ సంగతే అని హొరేస్ అంటాడు, ట్రాయ్ కాలుతున్నప్పుడు పక్కనున్న ఉకలెగోన్ ఇల్లు అప్పటికే మండుతోందని కవి వర్జిల్ అంటాడు. ఇద్దరూ వాడింది ప్రొక్సిముసే. నిప్పుకి పరిచయాలు ఉండవు, ఏ గోడ పక్కన ఏ గోడ ఉందన్నదే దానికి కావాలి.

క్రైస్తవులు ఈ ప్రొక్సిముస్‌ని చాలా దూరం తీసుకెళ్ళారు. లాటిన్ బైబిల్లో ‘నీ పొరుగువాని ప్రేమించు’ అన్నచోట ఉన్నది వీకీనుస్ కాదు, ప్రొక్సిముస్. ‘నా పొరుగువాడు ఎవడు?’ అని ధర్మశాస్త్రం తెలిసినవాడు ఏసుని అడిగినచోటా అంతే. దానికి జవాబుగా వచ్చే మంచి సమరయుని కథలో దెబ్బలు తిన్నవాడికీ, ఆదుకున్నవాడికీ ఊరు ఒకటి కాదు, వీధి ఒకటి కాదు. వీకీనుస్ అని ఉంటే ఆ కథే నిలబడదు. స్పానిష్‌లో ఇవాళ్టికీ ఆ చీలిక ఉంది: ప్రేమించాల్సినవాడు ‘ప్రోహిమో’, పక్కింటివాడు ‘వెసీనో’. ఫ్రెంచిలో ‘ప్రొషాఁ’, ‘వ్వాజాఁ’. తెలుగు బైబిలు రెండిటికీ ‘పొరుగువాడు’ అనే పెట్టింది. తప్పని అనను, పక్కవాడు అంటే అంత బరువు వచ్చేది కాదు. కానీ దానివల్ల మన పొరుగు మాట మీద ఒక కొత్త బరువు పడింది, ఇంటి పక్కవాడే కాకుండా దారినపోయేవాడు కూడా అందులోకి వచ్చాడు.

వీకీనుస్ సంతానం ఎటు వెళ్ళిందో చూస్తే ఈ మాట దూరం కొలిచేది కాదని ఇంకా తెలుస్తుంది. స్పెయిన్‌లో వెసీనో అంటే పక్కింటివాడే కాదు, ఆ ఊరి నివాసి, ఊరి పట్టికలో పేరున్నవాడు. రొమేనియన్‌లో ‘వెచీన్’ అంటే పొరుగువాడు, కానీ ఒకప్పటి మొల్దావియాలో అదే మాటకి భూమికి కట్టుబడిన అర్ధబానిస రైతు అని అర్థం. 1749లో కాన్‌స్టాంటిన్ మావ్రోకొర్దాత్ ఆ వెట్టిని రద్దు చేశాడు. ఒకచోట హక్కులున్నవాడు, ఇంకోచోట హక్కులు లేనివాడు, ఇద్దరినీ కలిపింది వీకుస్, ఆ ఊరికి చెందడం. ఇటాలియన్‌లో మాత్రం ‘విచీనో’ మెత్తబడి ‘దగ్గర’ అయిపోయింది. స్టేషన్‌కి విచీనో, బ్యాంకుకి విచీనో. నిఘంటువులు లాటిన్ మాటకి ఇచ్చే అర్థం ఆ ముసలితనపు రూపమే. చిన్నప్పటి ముఖం చూడాలంటే ఫోటో ముసలితనంలోది చూపిస్తే ఎలా?

ఇక ఈ విశేషణం వాడిన వాక్యాల్లోకెల్లా పేరుపడినది వర్జిల్‌ది. తొమ్మిదో గోపాలగీతంలో ఉంది. నేపథ్యం చెప్పాలి. క్రీ.పూ. 42లో సీజర్‌ని చంపినవాళ్ళ మీద ఫిలిప్పీ యుద్ధం గెలిచాక, గెలిచిన పక్షం తన సైనికులకి భూములు పంచాలి. ఓడిన పక్షం వైపు నిలిచిన క్రెమోనా భూములు లాక్కున్నారు. చాల్లేదు. దాని పొరుగు పట్నం మంతువా ఏ తప్పూ చెయ్యలేదు, కానీ కొలతదారుల గొలుసు అక్కడిదాకా సాగింది. వర్జిల్ పుట్టింది ఆ మంతువా పక్కనే. గీతంలో మోయిరిస్ అనే ముసలి రైతు మేకపిల్లల్ని పట్నానికి తోలుకెళుతుంటాడు, కొత్త యజమానికి ఇవ్వడానికి. ఎవడో పరాయివాడు వచ్చి, ‘ఇదంతా నాది, పాత రైతులు లేచిపొండి’ అన్నాడని దారిలో చెబుతాడు. తోటివాడు ఆశ్చర్యపోతాడు. కొండ వాలు మొదలైన చోటు నుంచి నీటి దాకా, కొస విరిగిన ఆ ముసలి చెట్ల దాకా, మెనాల్కస్ అనే పాటగాడు తన పాటలతో మొత్తం కాపాడుకున్నాడని విన్నానే అంటాడు. వినండి, అదీ చెక్కుబందీయే. ఆ తర్వాత మోయిరిస్ ఒక సగం పాట గుర్తు చేసుకుంటాడు, అందులోది ఈ పాదం:

మంతువా, వై మిసెరై నిమియుమ్ వీకీన క్రెమోనై.

మంతువా, అయ్యో, పాపం ఆ క్రెమోనాకి మరీ పొరుగైనదానా. నిమియుమ్ అంటే మరీ, మితిమీరి. (ఒకావిడ పైవస్త్రం తగిలి వయొలిన్ కింద పడితే జొనాథన్ స్విఫ్ట్ ఈ పాదం చదివాడని చెబుతారు. ఆ వస్త్రాన్ని ఇంగ్లీషులో మాంచువా అనేవారు, మంచి వయొలిన్లు క్రెమోనావి. పాడైన వయొలిన్ సంగతి అలా ఉంచితే, శ్లేష మాత్రం బాగుంది.)

ఇక్కడ అవతలివాళ్ళకి ఒక మంచి ఆయుధం ఉంది, దాన్ని నేనే అందిస్తాను. ఆ ఛందస్సులో ప్రతి గణమూ భగణమో, రెండు గురువులో అయి ఉండాలి. వీకీన అంటే గురువు, గురువు, లఘువు, సరిపోతుంది. ఫీనితిమ అంటే గురువు తర్వాత వరసగా మూడు లఘువులు, అక్కడ అది పట్టదు. కాబట్టి వర్జిల్‌కి వేరే దారి లేదు, ఇందులో అర్థాలు వెతకొద్దు అనొచ్చు. కానీ ఫీనితిముస్ పట్టే రూపాలూ ఉన్నాయి. ఈనీడ్ అయిదో పర్వంలో ఆటల పోటీల కబురు విని ఫీనితిమీలు తరలివచ్చారని వర్జిలే రాశాడు. కావాలనుకుంటే పాదం తిప్పి కట్టుకోగలిగిన మనిషి. పైగా రెండు పట్నాల మధ్య సుమారు అరవై కిలోమీటర్లు. మనం విజయవాడ, ఏలూరు అనుకున్నంత. దూరం లెక్కన ‘మరీ దగ్గర’ అనడానికి వీల్లేదు, హద్దు లెక్కన చూస్తే ఎవరి పొలిమేర వాళ్ళదే. మరి ‘మరీ’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

వాడకట్టు నుంచి. పొరుగింటి అప్పు మన గుమ్మంలోకి వచ్చినట్టు క్రెమోనా శిక్ష మంతువా పొలాల్లోకి వచ్చింది. హద్దు ఉన్నట్టయితే అది అక్కడ ఆగాల్సింది. సైన్యం గొలుసు ముందు హద్దు పనిచెయ్యలేదు కాబట్టే అక్కడ మిగిలింది పొరుగు ఒక్కటే. నేను తెలుగు చేస్తే ఆ చోట ‘దగ్గర’ అని రాయను, ‘సరిహద్దు’ అని రాయను. ‘మరీ పొరుగైపోయావు’ అని రాస్తాను. వినడానికి కాస్త ఎబ్బెట్టుగా ఉందని ఇద్దరు మిత్రులు ఇప్పటికే అన్నారు. పొరుగుకి ‘మరీ’ ఏమిటి, పొరుగు అంటే పొరుగే కదా అని. లాటిన్‌లో కూడా ఆ ‘నిమియుమ్’ అక్కడ అంతే ఇబ్బందిగా కూర్చుంది, దాన్ని నున్నగా చెయ్యడం నాకిష్టం లేదు.